కొండదారికి మరల

పండ్రెండేండ్ల క్రిందట విడిచిన కొండదారి సైకిలు పందెమునకు, నలుబదుల ప్రాయమున మేము మరల పూనుకొంటిమి. మూడు వారములలో ఊపిరి కుదుటబడెను. ఆ ధైర్యముతో పూర్వపు వేగమున నిట్టనిలువు బాట నెక్కబోయి, మోకాలు నొప్పించుకొని, రెండు మాసములు ఇంట కూర్చుంటిమి. గుండెబలము త్వరగా మరలి వచ్చును. కండరమును ఎముకతో బంధించు స్నాయువు గట్టిపడుటకు మాసములు కావలెను. మనస్సు మాత్రము పాత వేగమునే తలచుచుండును. ఈ భేదము నెరుగువారికే పునరాగమనము సుకరము.

నార్వే వనిత గున్ రీటా డాలే ఫ్లెషో 2004లో ఏథెన్సు ఒలింపిక్ స్వర్ణపతకమును గెలిచెను. 2009లో తల్లియైన పిదప మరల పందెములకు వచ్చి, 2013లో, 40 ఏండ్ల వయస్సున, మారథాన్ పందెమున ప్రపంచ విజేత యయ్యెను. మాకట్టి ఆశ లేదు. మొన్నటి పందెమున కడపటివారమైతిమి. కాని ఎచ్చటను దిగి నడువక గమ్యము చేరితిమి.