మూడో వంతు

 

ఈ దేహం మన సొత్తు కాదు, అల్లాహ్ అప్పగించిన అమానతు. రాత్రులు నమాజులోనూ పగళ్లు ఉపవాసంలోనూ గడుపుతున్న అబ్దుల్లాహ్ బిన్ అమ్ర్ (రజి)ను దైవప్రవక్త (స) వారించి, దేహానికి కూడా ఆయనపై హక్కు ఉందని గుర్తుచేశారు. ఆరాధన కోసమే దేహాన్ని నలిపివేయరాదన్నప్పుడు, నాలుక రుచి కోసం నలిపివేయవచ్చునా?

మనిషి నింపే పాత్రల్లో పొట్టకన్నా చెడ్డది లేదని, నడుము నిలబెట్టే కొన్ని ముద్దలు చాలునని, తప్పనిసరైతే మూడో వంతు ఆహారానికి, మూడో వంతు నీటికి, మూడో వంతు శ్వాసకు ఉంచాలని తిర్మిజీలోని హదీసు భావం.

ప్రకాశం మెట్ట గ్రామాల్లో మన తాతలు జొన్న, సజ్జ తిన్నారు. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది. పేదవాని ఆకలి తీరింది, అల్హమ్దులిల్లాహ్. అయితే పళ్లెమంతా తెల్లన్నమే అయింది, పక్కన పచ్చడి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన సూచనల ప్రకారం రోజువారీ శక్తిలో ధాన్యాల వాటా 45 శాతానికి మించరాదు. ఉప్పు 5 గ్రాములు దాటరాదు. మన ఆవకాయ జాడీలు ఈ రెండో మాటను ఎన్నడూ వినలేదు!

మిర్చి వ్యాపారంలో రోజంతా కూర్చునే సోదరుడు తన నడుము కొలుచుకోవాలి. పురుషునికి 90 సెంటీమీటర్లు, స్త్రీకి 80 దాటితే మధుమేహానికి, గుండె జబ్బుకు దారి తెరిచినట్లే. భారతీయులకు వైద్యులు పాటించే కొలతలో, ఐదడుగుల ఐదంగుళాల మనిషి 63 కిలోలకు చేరితే అధిక బరువే. వలీమాలో రెండోసారి బిర్యానీ వడ్డించుకునే ముందు ఇది గుర్తుండాలి.

అదే మొహల్లాలో మరో దేహం ఉంది. తెల్లవారుజామునే మిరప కోతకో పత్తి తీతకో వెళ్లి, సాయంత్రం వండి, అందరూ తిన్నాక అడుగున మిగిలిన అన్నం తినే ఆడమనిషిది. ఆమెకు కడుపు నిండుతుంది, రక్తం పట్టదు. పప్పు, గుడ్డు, మాంసం, తోటకూర ఆమె పళ్లెంలోకి రావాలి. ఆకుకూరపై నిమ్మరసం పిండితే అందులోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది. భోజనం వెంటనే టీ తాగితే తగ్గుతుంది.

సోదరులారా, భార్య హక్కు గురించి అడిగిన సహాబీకి ప్రవక్త (స) మొదట చెప్పినది, తాను తిన్నప్పుడు ఆమెకూ తినిపించాలనే. మిగిలితే పెట్టమనలేదు. ఈ రాత్రి కూర గిన్నె ఖాళీ కాకముందే ఆమెను పక్కన కూర్చోబెట్టుకోండి.

అల్లాహ్ ఈ ఏడు కోతలకు వెళ్లే మన తల్లులకు, చెల్లెళ్లకు ఆరోగ్యం ప్రసాదించుగాక. ఆమీన్.