కంచ: ఊరి మేతభూమియు, నగరపు మేడలును
(గ్రంథాలయ రజతోత్సవ సందర్భమున చేసిన ఉపన్యాస పాఠము)



కంచ యను మాటకు చందుర్తి ప్రాంతమున అర్థము చెప్పవలసిన పనిలేదు. ఊరి పశువుల మేతకై విడిచిన బీడునేల కంచ. కోస్తా జిల్లాలవారు ఈ మాట విన్నచో ముళ్లకంచె యనుకొందురు. అడ్డుకట్టునది కంచె, అందరికిని తెరచియుండునది కంచ. ఒక్క గుణింతపు తేడాతో అర్థము ఇంతగా తలక్రిందులగుట వింతయే. కంచలో దుక్కి లేదు, పంట లేదు, పట్టా లేదు. తుమ్మ, మోదుగు, రేగు, తంగేడు తమంత తామే మొలచి పెరుగును. గొల్లల మందకు మేత, పేదరాలి పొయ్యికి పుల్ల, కామునిపున్నమకు మోదుగుపూవు, బతుకమ్మకు తంగేడును గునుగును అక్కడివే. కురిసిన వాన అక్కడనే ఇంకి, మెల్లగా క్రింది చెరువునకు చేరును. ఇంత మేలు చేయుచున్నను శిస్తు తేని భూమి కావున సర్కారు లెక్కలలో దానిని పనికిరాని భూమిగా వ్రాసిరి. నేటి తగవు లనేకమునకు మూలము ఆ "పనికిరాని" యను మాటలోనే యున్నది.

ఈ పల్లెమాట 2025 సంవత్సరపు ఉగాదినాడు దేశమంతటను మారుమ్రోగినది. మార్చి 30వ తేదీ ఆదివారము, ఉగాది, మరునాడు రంజాను. ఇండ్లలో పచ్చడి కలుపుకొను వేళ హైదరాబాదు పడమటి యంచున కంచ గచ్చిబౌలి యను చోటికి బుల్డోజర్లు ప్రవేశించినవి. హైదరాబాదు విశ్వవిద్యాలయమును ఆనుకొనియున్న 400 ఎకరముల చెట్టు చేమను తొలగించుట ఆరంభమైనది. విద్యార్థు లడ్డుపడగా పోలీసులు వారిని నిర్బంధించిరి. సెలవు దినములలో న్యాయస్థానముల తలుపులు మూసియుండు ననుకొని ఆ ముహూర్తము పెట్టిరేమో యన్న అనుమానము సామాన్యులకే కాదు, పిమ్మట సుప్రీంకోర్టు న్యాయమూర్తులకును కలిగినది.

ఆ భూమి కథ కొంత వెనుకనుండి చెప్పవలసియున్నది. గచ్చిబౌలి యను పేరులోనే గచ్చును, బావియు వినబడును. 1969లోను, 1972లోను చెలరేగిన రెండు ఉద్యమముల పిదప 1973లో ఆరుసూత్రముల పథకము వెలువడినది. ఆ పథకములోని ఒక సూత్రము ననుసరించి 1974లో పార్లమెంటు చట్టము ద్వారా కేంద్ర విశ్వవిద్యాలయ మొకటి హైదరాబాదునకు లభించినది. దానికి ఇంచుమించు 2,300 ఎకరములు కేటాయించిరి. ఆనా డది ఊరికి దూరమైన బండల సీమ. భూమి కేటాయించిరే కాని హక్కు పత్రము వ్రాసి యీయలేదు. ఇచ్చువారు, పుచ్చుకొనువారు ఇరువురును సర్కారువారే గదా, కాగితమేల యనుకొని యుందురు! ఇరువదియైదేండ్లు గడచినవి. 1998లో సైబర్ టవర్స్ వెలసిన పిమ్మట ఆ బండలకే బంగారు ధర పలికినది. 2003లో నాటి ప్రభుత్వము 400 ఎకరములను క్రీడా సదుపాయముల పేర ఐ.ఎం.జి. భారత అను సంస్థకు ఇచ్చుటకు ఒడంబడిక చేసికొన్నది. 2006లో తరువాతి ప్రభుత్వము దానిని రద్దు చేసినది. వ్యాజ్యము సాగి సాగి 2024 మార్చిలో హైకోర్టు ప్రభుత్వ పక్షమున తీర్పు చెప్పినది. మే నెలలో సుప్రీంకోర్టు దానిని నిలిపినది. అటు తరువాత ఆ భూమి పారిశ్రామిక మౌలిక సదుపాయముల సంస్థ చేతికి వచ్చి, వేలమునకు సిద్ధమైనది.

ఇంచుమించు పదునెనిమిదేండ్లు భూమి వ్యాజ్యములో నుండుటచే ఎవ్వరును దాని నంటలేదు. ఆ కాలములో అక్కడ జరిగిన పని మనుష్యులు చేసినది కాదు. చుక్కల దుప్పులు, నెమళ్లు, నక్షత్ర తాబేళ్లు అక్కడ కాపురముండెను. బండల నడుమ నీటిమడుగులు నిలిచెను. ఒక విధమైన సాలెపురుగునకు శాస్త్రజ్ఞులు పెట్టిన పేరులో హైదరాబాదు నామమే యున్నది. ఆ పురుగు దొరకినదియు ఈ ప్రాంగణముననే. నాటినవా డొకడును లేడు, నీరుపోసినవా డొకడును లేడు.

ఇక న్యాయస్థానమున తలెత్తిన ప్రశ్న గ్రంథాలయ సభ్యులు ప్రత్యేకముగా వినదగినది. అడవి యనగా నేమి? ప్రభుత్వ దస్త్రములలో ఆ భూమి అడవిగా వ్రాయబడి యుండలేదు. కనుక అది అడవి కాదని ప్రభుత్వ వాదము. కాని 1996 డిసెంబరు 12వ తేదీన, గోదావర్మన్ కేసులో, అడవి యను పదమునకు నిఘంటువులో నున్న అర్థమునే గ్రహింపవలెనని సుప్రీంకోర్టు నిర్ణయించి యుండెను. భూమి ఎవరిదైనను, దస్త్రములో ఏ పేరున్నను, చెట్లు దట్టముగా పెరిగి అడవివలె నున్నచో అది అడవియే. దస్త్రమునకంటె నిఘంటువునకు పెద్దపీట వేసిన తీర్పు ఇటువంటిది మరొకటి దొరకుట అరుదు. ఆ నిర్వచనము ననుసరించి అడవులను గుర్తించుటకు కమిటీలు వేయవలెనని రాష్ట్రములను న్యాయస్థానము ఆదేశింపగా, తెలంగాణ ప్రభుత్వము 2025 మార్చి 15న కమిటీని నియమించినది. ఆ కమిటీ తన పని మొదలుపెట్టకమునుపే, పదునైదు దినములు తిరుగునంతలో, గుర్తింపవలసిన చెట్లను కొట్టుట మొదలైనది. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు తానై విషయమును చేపట్టి, హైకోర్టు రిజిస్ట్రారును ఆ చోటికి పంపి, ఆయన నివేదిక చూచి, పనులన్నియు నిలిపివేసినది. అంత తొందర ఏమి వచ్చినదని ప్రశ్నించినది. అప్పటికే సుమారు 100 ఎకరములలోని చెట్లు నేలకూలినట్లు తేలినది. ఏప్రిల్ 16న న్యాయమూర్తులు గవాయి, మసీహ్ గారల ధర్మాసనము ఆ నూరెకరములను ఏ విధముగా తిరిగి నిలిపెదరో చెప్పుడని గట్టిగా అడిగినది. లేనిచో అధికారులు చెరసాల చూడవలసి యుండునని హెచ్చరించినది.

ప్రభుత్వ పక్షమును ఒక్కమాటతో త్రోసివేయుట న్యాయము గాదు. సిరిసిల్ల మగ్గము విడిచి, జగిత్యాల కోరుట్లల నుండి గల్ఫు దేశములకు పోయి, ఎండలో మాడుచున్న యువకుల తలిదండ్రులకు ఉద్యోగ మను మాట విలువ బాగుగ తెలియును. కొలువులు వచ్చుటకు భవనములు కావలెను; భవనములకు భూమి కావలెను. ఇది కాదనరానిది. కాని భూమి యెంత కావలెనన్న దొక ప్రశ్న, ఏ భూమి కావలెనన్నది వేరొక ప్రశ్న. రెండవదానిని అడిగినవారికి మొదటిదాని సమాధానము చెప్పి పంపుట వాదములలో పాత ఎత్తుగడ.

నగరమున ఇంకను పచ్చగా మిగిలిన చోట్లు చూచిన ఒక సంగతి తోచును. మహావీర హరిణ వనస్థలి నిజాము వేటతోట. 1975లో దానిని కృష్ణజింకలకై కేటాయించిరి. దాని ప్రక్కనే వనస్థలిపుర మను కాలనీ కలదు. 1998లో జాతీయోద్యానమైన జూబిలీహిల్సు వనములో నిజాము వంశీయుల చిరాన్ ప్యాలెసు నేటికిని నిలిచియున్నది. ప్రభువులు తమ విలాసమునకు చుట్టుకొన్న నేల మిగిలినది. ప్రజలందరును వాడుకొన్న మేతభూమి మాత్రము అందరిదియు గావున ఎవ్వరిదియు గాకపోయినది.

హైదరాబాదు పొలిమేర తగవులలో అత్యంత క్లిష్టమైనది 111వ నంబరు ఉత్తర్వు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి నగరమును ముంచెత్తి వేలకొలది ప్రాణములు తీసినది. మోక్షగుండము విశ్వేశ్వరయ్యగారి సలహాపై వరదను ఆపుటకును, త్రాగునీటికిని రెండు జలాశయములు నిర్మించిరి. ఉస్మాన్‌సాగరము 1920లోను, హిమాయత్‌సాగరము 1927లోను పూర్తియైనవి. నగరము వాటివైపు ప్రాకివచ్చుట చూచి, 1996 మార్చి 8న ప్రభుత్వము ఆ యుత్తర్వును జారీ చేసినది. జలాశయముల చుట్టును పది కిలోమీటర్లలో కర్మాగారములు, పెద్ద భవనములు, హోటళ్లు, కాలనీలు కూడదనిరి. 84 గ్రామములు, లక్షకు పైబడిన ఎకరములు దాని క్రిందికి వచ్చినవి.

ఆ గ్రామముల రైతుల మాట కూడ వినవలెను. గట్టునకు ఈవల నున్న ఎకరము కోట్లు పలుకుచుండ, ఆవల నున్న ఎకరమును ఎవ్వరును అడుగరు. బిడ్డ పెండ్లికి అమ్మబోయిన ధర లేదు. నగరము మంచినీరు త్రాగుటకు తామెందుకు బీదవారై యుండవలెనని వారడిగిరి. ఈ ప్రశ్న న్యాయమైనదే. దీనికి నగరము ఏనాడును సరియైన జవాబు చెప్పలేదు. నీటి పరీవాహక ప్రాంతమును కాపాడు పల్లెకు నగరము ఏటేట కొంత ధనము చెల్లించు పద్ధతి ఇతర దేశములలో లేకపోలేదు. న్యూయార్కు నగరము 1997లో క్యాట్‌స్కిల్ కొండల గ్రామములతో అట్టి ఒడంబడికయే చేసికొని, నీటిని శుద్ధిచేయు బ్రహ్మాండమైన యంత్రాగారము కట్టు ఖర్చును తప్పించుకొన్నది. హైదరాబాదున అట్టిదేమియు జరుగలేదు. నిషేధము మాత్రము రైతులది, నీరు మాత్రము నగరముది. అట్టి ఏర్పాటు నిలువదు. 2022 ఏప్రిల్‌లో 69వ నంబరు ఉత్తర్వుతో 111ను తొలగించిరి. నగరమున కిప్పుడా జలాశయముల అవసరము అంతగా లేదని అందుకు చెప్పిన కారణము.

అవసరమెందుకు తగ్గినది? మంజీర నుండి, కృష్ణ నుండి, 2015 పిమ్మట ఎల్లంపల్లి నుండి నీరు వచ్చుచుండుటచే. ఎల్లంపల్లి పాత కరీంనగరు జిల్లాలోనిదే. ఇంటి ముంగిట చెరువును విడిచి నూరు మైళ్లకు పైగా గొట్టములు వేసి గోదావరి నీరు తెచ్చుకొన్న నగరము, ఆ గొట్టముల బలముతో చెరువు చుట్టును మేడలు కట్టుటకు సిద్ధమైనది. హైదరాబాదు తోట సంగతి చందుర్తి వారి కెందుకని అడుగువారు ఈ గొట్టము ఎక్కడనుండి బయలుదేరినదో ఒకమారు ఆలోచింపవచ్చును.

లండను నగర చరిత్రలోను ఇట్టి ఘట్టమొకటి కలదు. ఈశాన్యమున ఎప్పింగ్ అను అడవి. లౌటన్ అను గ్రామమువారికి చలికాలమున ఆ చెట్ల కొమ్మలు నరకుకొని వంటచెఱకు తెచ్చుకొను పాత హక్కుండెను. 1860 ప్రాంతములలో నగరము విస్తరింపగా జమీందారులు అడవికి కంచెలు నాటి ఇండ్ల స్థలములుగా అమ్మజూపిరి. థామస్ విల్లింగేల్ అను ముదుసలి కట్టెలవాడు కంచెను లెక్కసేయక కొమ్మలు కొట్టెను. వారి కుటుంబమువారు చెరసాలకు పోయిరి. ఆ వ్యాజ్యమును పట్టుకొని చదువుకొన్నవారు కదలిరి, పిమ్మట లండను కార్పొరేషను రంగమునకు వచ్చెను. 1878లో చట్టమై ఇంచుమించు 6,000 ఎకరములు ప్రజలకు శాశ్వతముగా నిలిచినవి. అయితే చట్టము వచ్చిన పిమ్మట కొమ్మలు కొట్టు హక్కు తీసివేసిరి. బదులుగా ఇచ్చిన 7,000 పౌన్లలో ఎక్కువ భాగముతో ఊరిలో ఒక సభాభవనము కట్టిరి. అడవిని కాపాడినవాడు కట్టెపుల్ల పోగొట్టుకొనెను. నగరవాసికి విహారస్థలము దక్కెను. పచ్చదనమును రక్షించు ఉద్యమములలో ఈ లోపము తరచుగ కనబడును.

పల్లెలకు వత్తము. 2016లో జిల్లాలు చిన్నవై, కేంద్రములు దగ్గరైన నాటనుండి బాటల వెంబడి పొలములలో హద్దురాళ్లు లేచుట తెలంగాణమంతట కనబడు దృశ్యము. పట్టాభూమి అమ్మకము రైతు ఇష్టము. దానికి ఒకరు అడ్డు చెప్పుటకు లేదు. కాని పట్టాభూమి ప్రక్కన గైరాను, బంచరాయి, కుంటశిఖము, బండ్లబాట ఉండును. గుర్తురాయి రాత్రికి రాత్రి పదిగజములు జరిగినచో అడుగు దిక్కెవరు? 2011 జనవరి 28న సుప్రీంకోర్టు, పంజాబులో ఒక ఊరి చెరువు పూడ్చి ఇండ్లు కట్టుకొన్నవారి కేసులో, గ్రామపు ఉమ్మడి భూములనుండి ఆక్రమణదారులను తొలగించుటకు పథకములు సిద్ధము చేయవలెనని అన్ని రాష్ట్రములను ఆదేశించినది. ఎన్నేండ్లుగా ఆక్రమణలో నున్నను, ఎంత డబ్బు పెట్టి కట్టినను అది సాకు కాదనినది. ఆ తీర్పు ఏ పట్టణపు ఉద్యానమునకై వచ్చినది కాదు. పల్లె చెరువు కొరకు, పల్లె కంచ కొరకు వచ్చినది.

2018నాటి పంచాయతిరాజ్ చట్టము గ్రామ బడ్జెటులో పదియవ వంతు పచ్చదనమునకు వెచ్చింపవలెననియు, నాటిన మొక్కలలో నూటికి 85 బ్రతుకవలెననియు చెప్పినది. తరువాత ఊరూరను పల్లె ప్రకృతివనములు వెలసినవి. మంచిపనియే. అయినను చుట్టును కంచె, నడుమ కాలిబాట, వరుసకు ఇన్ని మొక్కలు గల ఆ వనము కంచకు బదులు కాజాలదు. అందులోనికి మేక పోరాదు. కంచ గుణమే మేక పోవుట.

కంచ హద్దు తెలియుటకు మొదట కాగితము కావలెను. గ్రామ పటములోను, సేత్వారులోను, 1954-55 సంవత్సరపు ఖాస్రా పహాణిలోను ఏ సర్వే నంబరు మేతకు విడిచిరో, ఏది శిఖమో, ఏది బాటయో వ్రాసియున్నది. సమాచార హక్కు చట్టము వచ్చిన 2005 నుండి వీటి నకళ్లు ఏ పౌరుడైనను రుసుము చెల్లించి అడుగవచ్చును. ఆ మూడు దస్త్రముల నకళ్లు గ్రంథాలయపు బల్లపై, దినపత్రికల ప్రక్కనే, అట్ట కట్టించి ఉంచుటకు పెద్ద ఖర్చు లేదు. గోడకు గ్రామ పటము తగిలించినచో బడిపిల్లలు సాయంత్రము వచ్చినపుడు తమ ఊరి కుంటలను వ్రేలితో చూపి లెక్కపెట్టవచ్చును. గొఱ్ఱెలకాపరులను, పశువులు కాచిన వృద్ధులను పిలిచి, పటములో లేని పేర్లు — ఏ బండ నేమందురు, ఏ వాగు ఎక్కడ మొదలగును — అడిగి ప్రక్కన వ్రాసియుంచవలసినది. ఆ పని వచ్చే వానకాలమునకు ముందే మొదలైనచో హద్దులు కాలినడకన చూచుటకు వీలుగా నుండును.