గాలివానకు దెబ్బతిన్న ఇల్లు: మరమ్మతా, అమ్మకమా?

(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



మనం సముద్రం పక్కన బతికేవాళ్ళం. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తింది. 2014 అక్టోబరు 12న విశాఖపట్నం మీద హుద్‌హుద్ తుపాను విరుచుకుపడింది. గాలివాన వెలిసిన ప్రతిసారీ మన ఇళ్ళలో వినిపించే మాట ఒకటే: "ఇక ఈ కొంపకు పెట్టలేం, వచ్చిన కాడికి అమ్మేద్దాం."

అమ్మడం తప్పని మేము అనం. ఉప్పునీరు పీల్చిన గోడకు ఎంత సున్నం కొట్టినా చెమ్మ మళ్ళీ తేలుతుంది. స్లాబులో చువ్వలు తుప్పుపట్టి ఉబ్బితే సిమెంటు పెచ్చులూడుతుంది. అలాంటి ఇంటికి అప్పుచేసి మరమ్మతు చేయించే కంటే అమ్ముకోవడమే మేలు కావచ్చు. కాని పెంకులు లేచిపోయిన ఇంటికి పునాది, స్థలం అలాగే ఉన్నాయి. ఎగిరిన కప్పు చూపించి స్థలం ధర తగ్గించే బేరగాడు అందరికంటే ముందు వస్తాడు. బయానా పుచ్చుకోక ముందే నమ్మకమైన తాపీమేస్త్రితో ఖర్చు లెక్క వేయించండి. స్థలం విలువ వేరు, కట్టడం విలువ వేరు రాసి చూసుకోండి.

అమ్మాలనే నిశ్చయిస్తే రెండు బాధ్యతలున్నాయి.

మొదటిది, లోపం దాచరాదు. ప్రవక్త (స) ఒకసారి బజారులో ధాన్యపు రాశిలో చెయ్యి పెట్టగా లోపల తడి తగిలింది. వానకు తడిసిందని వర్తకుడు చెప్పుకున్నాడు. అయితే అది జనానికి కనపడేట్టు పైన ఎందుకు పెట్టలేదని ఆయన నిలదీశారు. మన గోడ పగులుకూ ఇదే తీర్పు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం కూడా, కొనేవాడు మామూలుగా కనిపెట్టలేని, మనకు తెలిసిన ముఖ్య లోపాన్ని చెప్పి తీరాలంటుంది.

రెండవది, వాటాలు. ఇంటిపన్ను అన్నయ్య పేర ఉన్నంత మాత్రాన ఇల్లంతా అన్నయ్యది కాదు. తండ్రి గతించి, ఆయన తల్లిదండ్రులు కూడా లేకుండా, భార్య, ఇద్దరు కొడుకులు, ఇద్దరు కూతుళ్ళు ఉన్నారనుకోండి. అప్పులు, వసీయత్ తీర్చాక మిగిలింది 48 భాగాలైతే తల్లికి 6, ఒక్కో కొడుక్కి 14, ఒక్కో కూతురికి 7. అత్తవారింట ఉన్నా ఆ 7 ఆమెవే. "చెల్లెలు ఏమీ అనదులే" అని సంతకం లేకుండా బేరం కుదర్చకండి. మైనరు పిల్లలుంటే, తండ్రి వసీయత్‌లో ఎవరినీ నియమించకపోయినా, తాత లేకపోయినా, వాళ్ళ వాటాను కోర్టు అనుమతి లేకుండా తల్లి గాని, అన్న గాని అమ్మజాలరు.

ఇల్లు నిలబెట్టుకోవాలనే తోబుట్టువు ఎవరైనా ఉంటే, పరాయివాడి కంటే ముందు వారినే అడగండి. మన షరీఅత్‌లో వాటాదారుకు షుఫా అనే హక్కు ఉన్నది అందుకే.

చివరిగా ఒక్క మాట. నెల గడవక ఇల్లు అమ్ముకునే వితంతువు మన మధ్యనే ఉంటుంది. నాలుగు దూలాలు, కొన్ని రేకులు సమకూరిస్తే ఆమె గూడు నిలుస్తుంది. మన జకాత్, సదఖా బేరగాడి కంటే ముందు ఆ గడప తొక్కాలి. అల్లాహ్ మనకు ఆ సద్బుద్ధి ప్రసాదించుగాక. ఆమీన్.