పందుంపుల్ల నుంచి చూయింగ్ గమ్ దాకా
(ప్రపంచ ఆదివాసీ దినోత్సవ సభలో మన సంఘం తరఫున యువతను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)



ముందుగా మా తప్పు ఒకటి ఒప్పుకొని మొదలుపెడతాం. పోయినేడు ఇదే వేడుకలో పరుగుపందెం, విల్లు పోటీ పెట్టాం. గెలిచిన పిల్లలకూ ఓడిన పిల్లలకూ సంతలో కొన్న బబుల్‌గమ్, చాక్లెట్లు దోసిళ్లతో పంచాం. ఒక పాప గమ్ నోట్లో వేసుకున్న కాసేపటికే చెంప పట్టుకుని ఏడ్చింది. నోరు తెరిపించి చూస్తే రెండు దవడపళ్లు నల్లగా గుల్లబారి ఉన్నాయి. పక్కనే ఉన్న వాళ్ల అవ్వ, "మా కాలంలో పుల్ల నమిలేవాళ్లం బాబూ, మీరు పిల్లల చేత చక్కెర నమిలిస్తున్నారా?" అంది. మాలో ఒక్కరికీ నోరు పెగల్లేదు. ఏడాది ఆలస్యంగానైనా ఆ అవ్వకు ఈరోజు బదులు చెబుతున్నాం.

మన పెద్దలు తపసి చెట్టుకు గాటు పెట్టి బంక తీస్తారు. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ, మనం జీసీసీ అనేది, ఆ బంక కొంటుంది. దాన్ని మందుల్లో, తినే పదార్థాల్లో వాడతారు. కట్టుడు పళ్లు చిగుళ్లకు అతుక్కుని ఉండేందుకు చల్లే పొడిలో కూడా వాడతారు. ఎక్కడో పళ్లు ఊడిన ముసలివాళ్లకు తపసి బంక ఆసరా అవుతోంది. దాన్ని ఏరి తెచ్చే ఇళ్లలో పదేళ్ల పిల్లలకు పిప్పిపళ్లు ఉన్నాయి. ఇది మనం ఆలోచించాల్సిన విషయం.

పన్ను ఎలా పుచ్చుతుంది? మన నోట్లో కంటికి కనబడని సూక్ష్మజీవులు ఉంటాయి. వాటిలో ముఖ్యమైనది స్ట్రెప్టోకాకస్ మ్యూటన్స్. మనం తిన్న చక్కెరను అదీ తిని, పులుపు లాంటి ఆమ్లాన్ని వదులుతుంది. ఆ ఆమ్లం పంటి పైపొరను కరిగిస్తుంది. దీనికి నోట్లోనే ఒక కాపలా ఉంది, అది లాలాజలం. ఆమ్లాన్ని కడిగేస్తుంది, కరిగిన చోట సున్నపు ఖనిజాలను తిరిగి చేరుస్తుంది. నమిలే కొద్దీ లాలాజలం ఊరుతుంది. వేపపుల్లో కానుగపుల్లో నమిలినప్పుడు మన తాతలకు జరిగిన మేలు ఇదే. పైగా నలిగిన పీచు పళ్లను తోమేది.

గమ్ నమిలినా లాలాజలం ఊరుతుంది. కానీ మామూలు బబుల్‌గమ్‌లో ఉండేది ఎక్కువగా చక్కెరే. ఒక చేత్తో కడుగుతూ రెండో చేత్తో బురద చల్లినట్టు అవుతుంది.

మరి తీపి ఉండి, సూక్ష్మజీవికి ఆహారం కానిది ఏదైనా ఉందా? ఉంది. దాని పేరు జైలిటాల్. కొన్ని పండ్లలో, కూరగాయల్లో కొద్దికొద్దిగా ఉంటుంది. పరిశ్రమల్లో భూర్జ చెట్టు చెక్క నుంచి, గింజ ఒలిచాక మిగిలే మొక్కజొన్న బెండు నుంచి తయారుచేస్తారు. మనం పొయ్యిలో పెట్టే ఆ బెండులోనే దానికి కావలసిన సరుకు ఉంది. మ్యూటన్స్ దీన్ని పులియబెట్టలేదు, కాబట్టి ఆమ్లం తయారు కాదు. ఫిన్లాండ్‌లోని టుర్కు నగరంలో 1970ల మొదట్లో దీనిమీద పెద్ద ప్రయోగాలు జరిగాయి. చక్కెర బదులు జైలిటాల్ తిన్నవారికి పిప్పిపళ్లు చాలా తక్కువగా వచ్చాయి. 1975లో అక్కడ జైలిటాల్ గమ్ అమ్మకానికి వచ్చింది. అక్కడి శిశు సంరక్షణ కేంద్రాల్లో అన్నం తిన్నాక పిల్లలకు జైలిటాల్ ఇవ్వడం మామూలు అలవాటు.

అయితే ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. ప్రయోగాలన్నిటినీ జల్లించిన 2015 కోక్రేన్ సమీక్ష, జైలిటాల్ గమ్ గురించి గట్టిగా తేల్చి చెప్పడానికి ఆధారాలు చాలవంది. అందుకే గమ్‌ను తోడుగానే చూడండి. ఫ్లోరైడ్ పేస్టుతో రోజుకు రెండుసార్లు తోముకోవడం, చిరుతిళ్ల తీపి తగ్గించడం, వీటి తర్వాతే గమ్.

తమ్ముళ్లూ చెల్లెళ్లూ, గమ్ పట్నం సరుకు అనుకోకండి. మొదట్లో చూయింగ్ గమ్ చేసింది సపోటా చెట్టు పాలతో. మెక్సికో, గ్వాటెమాలా అడవుల్లోని మాయా ప్రజలు దాన్ని ఎన్నో వందల ఏళ్ల ముందే నమిలేవారు. ఇప్పుడు చక్కెర బదులు వాడుతున్న స్టీవియా కూడా అంతే. పరాగ్వే ప్రాంతపు గ్వారానీ ఆదివాసులు ఆ ఆకును తరతరాలుగా వాడుతూ, తమ భాషలో తీపి ఆకు అని పిలుచుకున్నారు. ఈ రోజు ఆ రెండు తెలివిడులూ రంగు కాగితంలో చుట్టి మనకే అమ్మకానికి వస్తున్నాయి. మన అవ్వల దగ్గరున్న పుల్లల, వేళ్ల, ఆకుల జ్ఞానాన్ని మనమే రాసి పెట్టుకోకపోతే రేపు అదీ అలాగే వస్తుంది.

ఇక కొట్లో ఏం చూడాలి? ప్యాకెట్ వెనక్కి తిప్పండి. పదార్థాల జాబితాలో ఎక్కువగా ఉన్నది ముందు రాస్తారు. చక్కెర ముందుంటే పక్కన పెట్టండి. తీపి పదార్థాలకు అంకెలు ఉంటాయి: 967 అంటే జైలిటాల్, 960 అంటే స్టీవియా నుంచి తీసినది, 420 అంటే సార్బిటాల్. "షుగర్ ఫ్రీ" అని ఉన్నంత మాత్రాన జైలిటాల్ ఉన్నట్టు కాదు, చాలావాటిలో సార్బిటాలే ఎక్కువ. దొరికితే తిన్న వెంటనే ఓ ఇరవై నిమిషాలు నమలండి. ఎక్కువ తింటే కడుపు ఉబ్బుతుంది, విరేచనాలు అవుతాయి. చిన్నపిల్లలకు గొంతులో అడ్డుపడే ప్రమాదం ఉంది, ఇవ్వొద్దు. కుక్కలకు జైలిటాల్ విషం. మనతో అడవికి వచ్చే కుక్కకు పొరపాటున కూడా వేయకండి.

ఒక చేదు మాట. గుట్కా, ఖైనీ వాసన కప్పిపుచ్చడానికి గమ్ నమిలేవాళ్లు మనలోనే ఉన్నారు. నోటి క్యాన్సర్‌ను ఏ గమ్మూ ఆపదు. మానాలనుకుంటే 1800 11 2356కు ఫోన్ చేయండి, జాతీయ పొగాకు విముక్తి లైను అది, ఉచితం.

గమ్ కొనే డబ్బు లేదని ఎవరూ చిన్నబుచ్చుకోవద్దు. పుల్ల ఉంది, తిన్నాక పుక్కిలించే నీళ్లు ఉన్నాయి. పన్ను సలుపు మొదలయ్యాక డాక్టరు దగ్గరికి వెళితే ఒక రోజు కూలి, బస్సు చార్జీ పోతాయి, చివరికి పన్నూ పోతుంది. నొప్పి రాకముందే చూపించుకోండి.

ఈ ఏడు పోటీల్లో గెలిచిన పిల్లలకు మేం బబుల్‌గమ్ పంచడం లేదు. బ్రష్షు, పేస్టు, జామపండు ఇస్తున్నాం. పోయినేడు ఏడ్చిన పాప ఈసారి కూడా పరుగుపందెంలో ఉంది. వాళ్ల అవ్వ ముందు వరసలో కూర్చుంది. అవ్వా, నువ్వడిగిన మాటకు మా బదులు ఇదీ.

జై ఆదివాసీ!