నెత్తురు చెప్పిన కబురు

(కేతేపల్లిలో మా సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను డాక్టరును కాను. ముప్పైమూడేండ్లు ఫైళ్ళు చూసిన గుమాస్తాను. రిటైరయ్యాక నా నెత్తురు పరీక్షల కాగితాలనే ఫైలుగా పెట్టుకొని చదవవలసి వచ్చింది.

ఏడాదిలో ఎనిమిది కిలోలు తగ్గాను. చేయి వణికి, సంతకం పాతదానితో కలవలేదని ఒక కౌంటరులో నా కాగితం తిప్పి పంపారు. ఒకప్పుడు పదిమంది సంతకాలు సరిచూసిన వాడికి ఇంతకంటె అవమానం ఏముంటుంది? కొందరు వయసన్నారు, కొందరు షుగరన్నారు. కొలెస్ట్రాల్ మాత్రం మందు లేకుండానే బాగా తగ్గింది. పథ్యం ఫలించిందని సంతోషించాను. అదే నా పొరపాటు. చివరకు ఒక డాక్టరుగారు నాడి చూసి, టి.ఎస్.హెచ్. పరీక్ష రాశారు.

దీని లెక్క మన ఆఫీసు లెక్కే. మెదడు కిందనున్న పీయూష గ్రంథి హెడ్డాఫీసు, మెడలోని థైరాయిడ్ కింది ఆఫీసు, టి.ఎస్.హెచ్. మెమో. కింది ఆఫీసు అడగకుండానే టి3, టి4 హార్మోన్లను కుప్పలుగా పంపుతుంటే, హెడ్డాఫీసు మెమోలు మానేస్తుంది. అందుకే ఈ జబ్బులో అవి పెరిగి, టి.ఎస్.హెచ్. అడుగంటుతుంది. సుమారు 0.4 నుంచి 4 దాకా ఉండవలసినది, నాకు 0.01 కంటె తక్కువ వచ్చింది.

మిగతా పద్దులూ మారుతాయి. కాలేయం కొలెస్ట్రాలును త్వరగా తీసివేస్తుంది కనుక అది తగ్గుతుంది. చక్కెర పెరగవచ్చు. ఎముక త్వరగా అరిగి ఆల్కలైన్ ఫాస్ఫటేజ్, కొందరిలో కాల్షియం పెరుగుతాయి. మన నల్లగొండ వాళ్ళం ఎముకల నొప్పి అనగానే ఫ్లోరైడ్ నీళ్ళనే తిట్టుకుంటాం. ఇదీ ఒక కారణం కావచ్చు. కండ కరిగి క్రియాటినిన్ తగ్గితే, మూత్రపిండాలు మహా బాగున్నాయని మురిసిపోరాదు.

మన వయసులో కళ్ళు ఉబ్బకుండా, గొంతు వాయకుండా, ఉత్త నీరసంగానే ఇది రావచ్చు. గుండె లయ తప్పితే పక్షవాతం ముప్పు కూడా ఉంది.

మూడు సంగతులు గుర్తుంచుకోండి. జుట్టుకని బయోటిన్ మాత్రలు వేసుకుంటే పరీక్ష తప్పు చూపవచ్చు, ముందే చెప్పండి. కార్బిమజోల్ వాడుతుండగా జ్వరం, గొంతునొప్పి వస్తే మాత్ర ఆపి, వెంటనే డాక్టరును కలిసి తెల్లకణాలు లెక్కించుకోండి. టి4 సరిపడ్డా టి.ఎస్.హెచ్. లేవడానికి నెలలు పట్టవచ్చు; తొందరపడి మందు మార్చుకోకండి.

ఇప్పుడు నా చేయి వణకడం లేదు. ఈ ప్రసంగ పాఠం చివర సంతకం నేనే చేశాను. కావాలంటే పాతదానితో సరిచూసుకోండి. సెలవు.