జ్వరం లేదు కదా!

భజన తర్వాత నాలుగు మాటలు చెప్పమని కమిటీ పెద్దలు అడిగారు. నేను డాక్టర్ని కాను, సాఫ్ట్‌వేర్ పని చేసుకునేవాణ్ణి. అయినా ఈ సంగతి చెప్పడానికి నాకో కారణం ఉంది.

పోయిన చలికాలం గొంతు నొప్పిగా ఉన్నా, "జ్వరం లేదు కదా" అనుకుని ఇక్కడే అన్నప్రసాదం వడ్డించాను. మర్నాడు ర్యాట్ టెస్టులో కోవిడ్ అని తేలింది. ఆ రోజు బంతిలో కూర్చున్న పెద్దవాళ్లకు ఒక్కొక్కరికీ ఫోన్ చేసి చెప్పుకోవాల్సి వచ్చింది. అందరూ బాగానే ఉన్నారు, అది మన అదృష్టం. ఆ తర్వాతే తొలినాటి కేసుల గురించి చదివాను.

ఆస్ట్రేలియాలో తొలి కేసులు 2020 జనవరి 25న బయటపడ్డాయి. వూహాన్ నుంచి వచ్చిన ఒకాయనకు మెల్‌బోర్న్‌లోని మొనాష్ మెడికల్ సెంటర్‌లో చికిత్స చేశారు. అదే రోజు న్యూ సౌత్ వేల్స్‌లో మరో ముగ్గురికి తేలింది. మార్చి 2న తెలంగాణలో మొదటి కేసు. దుబాయ్ వెళ్లొచ్చిన సాఫ్ట్‌వేర్ ఇంజనీరు, గాంధీ ఆస్పత్రిలో చేరాడు.

వూహాన్ ఆస్పత్రిలో చేరిన మొదటి 41 మందిలో 40 మందికి జ్వరం ఉంది. దగ్గు 76 శాతం మందికి. అందుకే ఎక్కడ చూసినా నుదుటికి థర్మామీటర్ పెట్టేవారు. కానీ ఆ ఫిబ్రవరి చివర్లో చైనాలోనే 1,099 మంది వివరాలు వచ్చాయి. ఆస్పత్రిలో చేరేనాటికి జ్వరం ఉన్నది 44 శాతం మందికే. చాలామందికి అది తర్వాత వచ్చింది. అంటే జ్వరం లేనంత మాత్రాన జబ్బు లేనట్టు కాదు.

ఇంకో సంగతి. ఆ 41 మందిలో సగానికి పైగా ఆయాసపడ్డారు. అదీ లక్షణాలు మొదలైన సుమారు ఎనిమిదో రోజుకి. నాలుగో రోజున "తగ్గిందిలే" అని పెద్దవాళ్లను వదిలేయకండి.

గొంతు నొప్పి, దగ్గు, జలుబు ఏది ఉన్నా ర్యాట్ చేసుకోండి, నెగెటివ్ వచ్చినా తగ్గేదాకా ఇంట్లోనే ఉండండి. 70 దాటినవారికి పాజిటివ్ వస్తే అదే రోజు జీపీకి ఫోన్ చేయండి. వైరస్ మందు అయిదు రోజుల్లోపే మొదలుపెట్టాలి. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలకు మెడికేర్ ఉండదు, ఇన్సూరెన్స్ కాగితాలు ఇప్పుడే చూసుకోండి. ఊపిరి అందకపోతే ఆలోచించకుండా 000కి కాల్ చేయండి.

స్వామి ఎక్కడికీ పోడు, వచ్చే వారం దర్శనం చేసుకోవచ్చు. వడ్డనకు రాలేకపోతే వాట్సాప్ గ్రూపులో ఒక్క మాట పెట్టండి. మీ గరిటె నేను పట్టుకుంటాను.