ఓటు వేశాక పాట ఆగకూడదు

(ప్రపంచ ఆదివాసీ దినోత్సవం సందర్భంగా, 2025 ఆగస్టులో విజయవాడలో యువతతో చేసిన ప్రసంగ పాఠం)



యువతకు రాజకీయ చైతన్యం గురించి నాలుగు మాటలు చెప్పమని సంఘం పెద్దలు అడిగారు. మేము హాస్టల్లో మీలాంటి పిల్లల మధ్యే ఉండేవాళ్లం. ఉపన్యాసం అనగానే మీ చూపు ఫోను మీదికి పోతుందని మాకు తెలుసు. స్టడీ అవర్ అయ్యీ కాకముందే బెంచీల మీద దరువు మొదలవుతుందనీ, నోట్సు చివరి పేజీల్లో ర్యాప్ రాసుకుంటారనీ కూడా తెలుసు. అందుకే ఆ ర్యాప్ దగ్గరే మొదలుపెడతాం.

ఆగస్టు 9 మన రోజు. ఇంకో రెండు రోజులకు, ఆగస్టు 11న, హిప్‌హాప్ పుట్టినరోజు. 1973లో న్యూయార్క్ నగరంలోని బ్రాంక్స్‌లో సిండీ కాంప్‌బెల్ అనే అమ్మాయి, బడికి కొత్త బట్టలు కొనుక్కోడానికి డబ్బుల కోసం ఒక పార్టీ పెట్టింది. అక్కడ రికార్డులు వేసినవాడు వాళ్లన్న, డీజే కూల్ హెర్క్. జమైకా నుంచి వలస వచ్చిన కుటుంబం. ఎవరూ పట్టించుకోని వాడల్లో పేదింటి పిల్లలు తమ పేరు, తమ వీధి పేరు గట్టిగా చెప్పుకోడానికి పెంచుకున్న కళ అది. మనకు మరీ కొత్తది కాదు. ఎరుకలమ్మ సోదె చెబితే అందులో లయ లేదా? ఈ పల్లెల్లోనే షేక్ నాజర్ గారు బుర్రకథలో దేశం సంగతులు చెప్పి రాత్రంతా జనాన్ని కూర్చోబెట్టేవారు. 1986లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది.

ఇక ఎన్నికల సంగతి. మేము ఏ పార్టీ తరఫునా మాట్లాడటం లేదు. 2024 మే 13న మన రాష్ట్రంలో పోలింగ్ జరిగింది. పోస్టల్ ఓట్లతో కలిపి 81.86 శాతం. ఓటు వేయడంలో మనవాళ్లు వెనకపడలేదు. ప్రచార రథాల మీద డీజే బాక్సులు మోగినన్నాళ్లూ మీలో చాలామంది స్టెప్పులేశారు, రీల్స్ చేశారు. జూన్ 4న ఫలితాలు వచ్చాయి. బాక్సులు దించేశారు. మీ పాట కూడా ఆ రోజుతోనే ఆగిపోయింది. మా దిగులు అదే.

ఇది మన ఒక్కచోటే జరగలేదు. 2004లో అమెరికా ఎన్నికలప్పుడు ర్యాప్ తారలు ‘ఓటు వెయ్, లేదా చావు’ అని రాసిన టీషర్టులు వేసుకుని యువతను కదిలించారు. ఎన్నికలు అయిపోయాయి, ఆ హడావిడీ సద్దుమణిగింది. అదే ఏడాది జూన్‌లో న్యూవార్క్ అనే ఊళ్లో హిప్‌హాప్ యువత సొంతంగా ఒక మహాసభ పెట్టుకున్నారు. చదువు, ఉపాధి, న్యాయం లాంటి వాటి మీద చర్చించి తమకేం కావాలో కాగితం మీద రాసుకున్నారు. మీరు చూడాల్సింది ఈ రెండోదాన్ని. టీషర్టు నాలుగు ఉతుకులకు వెలిసిపోతుంది. రాసుకున్న కోర్కెల చిట్టా ఉంటే ఎవరు గెలిచినా పట్టుకెళ్లి అడగొచ్చు.

మనకు ఇది ఇంకా అవసరం. ఎందుకో ఒక లెక్క చెబుతాం. అసెంబ్లీలో 175 స్థానాలు. అందులో ఎస్టీలకు 7. పాలకొండ, కురుపాం, సాలూరు, అరకు లోయ, పాడేరు, రంపచోడవరం, పోలవరం. డెల్టాలో ఒక్కటీ లేదు. మనం మైదాన ప్రాంత గిరిజనులం. కాలువ గట్టు మీద పది గడపలు, రొయ్యల చెరువుల దగ్గర కాపలాకి నాలుగు గడపలు, నగరంలో ఏ వీధి చివరో ఇంకో నాలుగు. నియోజకవర్గం మొత్తంలో లెక్కేస్తే పోలింగ్ రోజు మన సంఖ్య చిన్నది. అదే గ్రామసభలో మనవాళ్లు పదిమంది లేచి నిలబడితే, ఆ పదిమందిని దాటి ఎవరూ పోలేరు. మన బలం ఉన్నది ఎన్నికల తర్వాతి రోజుల్లోనే.

బుడమేరు మీకు గుర్తుంది. ఫలితాలు వచ్చి మూడు నెలలు కాకముందే, 2024 సెప్టెంబరు 1న సింగ్‌నగర్ వైపు వాడలన్నీ మునిగాయి. ప్రకాశం బ్యారేజీ దగ్గర వరద 11.43 లక్షల క్యూసెక్కులు దాటింది. మునిగిన ఇంటికి గ్రౌండ్ ఫ్లోర్ అయితే రూ.25,000, పై అంతస్తు అయితే రూ.10,000 సాయం ప్రకటించారు. ఆ డబ్బు చేతికి రావాలంటే సచివాలయం జాబితాలో పేరుండాలి. పేరు లేకపోతే అర్జీ పెట్టాలి. పెద్దవాళ్లకు చదువు రాని ఇళ్లలో ఆ జాబితా చూసి చెప్పేది, అర్జీ రాసేది మీరే. రాజకీయం అంటే ఇదీ.

జాబితా అంటే మన తాత ముత్తాతలకు భయం. తెల్లవాళ్లు తెచ్చిన క్రిమినల్ ట్రైబ్స్ చట్టం మన కులాలకు పుట్టుకతోనే నేరస్తులని ముద్ర వేసింది. ఆ చట్టం కింద ఏర్పడిన సెటిల్‌మెంటే బాపట్ల దగ్గరున్న స్టూవర్టుపురం. పేరు రాసుకున్న మనిషి పోలీసులకు హాజరు వేయించుకోవాలి, ఊరు దాటాలంటే అనుమతి కావాలి. 1952లో ఆ చట్టం పోయింది. అప్పట్లో జాబితాలో పేరుంటే కష్టం. ఇప్పుడు పేరు లేకపోతే కష్టం.

అందుకే మిమ్మల్ని నాలుగు పనులు అడుగుతున్నాం.

ఒకటి. 18 నిండగానే ఫారం 6 పెట్టండి. ఇప్పుడు ఏడాదికి నాలుగు తేదీలున్నాయి: జనవరి 1, ఏప్రిల్ 1, జులై 1, అక్టోబరు 1. 17 నిండినవాళ్లు ముందే దరఖాస్తు చేసుకోవచ్చు. చెరువు పని కోసం ఊరు మారిన మీ అమ్మానాన్నలకు ఫారం 8 మీరే నింపండి.

రెండు. గ్రామసభకు వెళ్లండి. ఓటరు జాబితాలో ఉన్న ప్రతి ఒక్కరూ అందులో సభ్యులే, ఎవరూ పిలవనక్కర్లేదు. 2024 ఆగస్టు 23న ఒక్కరోజే రాష్ట్రంలోని 13,326 పంచాయతీల్లో గ్రామసభలు జరిగాయి. మీ ఊళ్లో ఆరోజు మీ వాడ గురించి ఏం రాశారో అడిగి చూడండి.

మూడు. కలెక్టరేట్లో సోమవారం అర్జీలు తీసుకుంటారు. అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి. ఆ నంబరు జాగ్రత్త చేయండి. జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం ఉంది, 30 రోజుల్లో చెప్పాలి.

నాలుగు. ఇవన్నీ మీ పాటలోకి తెండి. గట్టు మీద కరెంటు లేని ఇళ్లెన్ని, అర్జీ ఏ తేదీన ఇచ్చాం, ఎన్నిసార్లు తిరిగాం? ప్రాస కుదిర్చి చెబితే వాడలో చిన్నపిల్లలకు కూడా నోటికొస్తుంది. అందరి నోటా తిరిగే తేదీని ఆఫీసులో ఎవరూ మర్చిపోలేరు. డిస్ ట్రాక్ అంటూ మనిషిని, కులాన్ని, ఆడవాళ్లను తిట్టకండి. ఆగిపోయిన పనిని తిట్టండి. డబ్బిచ్చి పార్టీ పాట పాడమంటే పాడటం మానడం మీ ఇష్టం. మీ వాడ పాటను మాత్రం ఎవరికీ అమ్మకండి.

పాట ఉంటే ఓటెందుకు అని కొందరంటారు. జీవితమంతా పాటతోనే జనాన్ని కదిలించిన గద్దర్ గారు డెబ్బై ఏళ్లు దగ్గరపడ్డాక, 2018లో మొదటిసారి ఓటు వేశారు. అంతటి పాటగాడికీ చివరికి ఓటు కావాల్సి వచ్చింది. ఓటు చేతిలో ఉన్న మీకు పాట కూడా కావాలి.

2021 ఫిబ్రవరి, మార్చి నెలల్లో గెలిచిన సర్పంచులకు, కార్పొరేటర్లకు ఐదేళ్ల గడువు వచ్చే ఏడాది తీరుతుంది. అసెంబ్లీలో మనకు ఇక్కడ సీటు లేకపోయినా, స్థానిక సంస్థల్లో ఎస్టీలకు రిజర్వేషన్ ఉంది. మళ్లీ బాక్సులు వస్తాయి, మళ్లీ పాటలు మోగుతాయి. ఆలోపే మీ చిట్టా సిద్ధం చేసుకోండి. ఓటడగడానికి వచ్చినవాళ్లను కూర్చోబెట్టి ముందు మీ పాట వినిపించండి. గెలిచాక ఆరు నెలలకు అదే పాట మళ్లీ వినిపించండి.

హాస్టల్లో బెంచీలు విరగనంత వరకు మీ దరువుకు మా అభ్యంతరం లేదు. సెలవు.